కాలువ ఈత వేరు, సముద్రం వేరు

వట్లూరు హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మేము కాలువల్లో ఈదినవాళ్లమే. ఆ ధైర్యంతోనే డిగ్రీ రోజుల్లో భీమవరం మీదుగా మొగల్తూరు మండలంలోని పేరుపాలెం బీచ్‌కి వెళ్లాం. నడుము లోతు నీళ్లలో ఉన్న మావాడొకడు చూస్తుండగానే లోపలికి పోయాడు. "ఒడ్డుకి కాదురా, పక్కకి ఈదు!" అని ఒక జాలరి బాబాయి అరవబట్టి బతికాడు.

ఆ మాటలోని శాస్త్రం తర్వాత చదివి తెలుసుకున్నాం. అలలు తోసుకొచ్చిన నీరు వెనక్కి పోవాలి గదా! ఇసుక మేటల మధ్య పల్లం దొరికితే అక్కడ ఇరుకు ప్రవాహమై లోపలికి పరుగెడుతుంది. అక్కడ అలలు అంతగా విరగవు. అందుకే కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుంటారు (మేమూ అనుకున్నాం). ఎదురీదితే గజ ఈతగాడైనా అలసిపోతాడు. అయితే తమ్ముళ్లూ, ఆ ప్రవాహం మనిషిని అడుక్కి లాగదు, దూరంగా తీసుకుపోతుందంతే. కంగారుపడకుండా తేలి, చెయ్యెత్తి పిలవాలి. ఓపికుంటే తీరం వెంబడి పక్కకి ఈది, పట్టు వదిలాక ఒడ్డుకు తిరగాలి. గట్టునున్నవాళ్లు దూకకుండా తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరాలి.

ఆ రోజే ఒడ్డున చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలును చూశాం. ఇవి చలికాలం చివర్లో రాత్రిపూట మన తీరానికొచ్చి ఇసుకలో వంద దాకా గుడ్లు పెడతాయి. పిల్లలు నీటిమీది వెలుగును బట్టి దారి పోల్చుకుంటాయి; టార్చి వేస్తే తప్పిపోతాయి. గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. తాబేలుకీ ఊపిరితిత్తులే కనుక వలలో చిక్కితే అదీ ఊపిరాడక చస్తుంది.

మళ్లీ వెళ్లినప్పుడు మావాడు మోకాలు దాటి దిగలేదు. ముందు జాలర్లనడిగి చోటు చూసుకున్నాడు.