మాయమైపోని మాయా జనం

మాయా నాగరికత అనగానే మనలో చాలామందికి మయసభ గుర్తుకు వస్తుంది. మయుడే పాతాళ మార్గాన మెక్సికో చేరి అక్కడి పిరమిడ్లు నిర్మించాడని చెప్పేవారు కూడా లేకపోలేదు. దీనికి ఆధారం శబ్దసామ్యం ఒక్కటే. ఆ లెక్కన మామకూ మామిడికీ కూడా చుట్టరికం కలపవచ్చును! 19వ శతాబ్దంలో యూరపు వారూ ఇదే పని చేశారు. ఈజిప్టు వాళ్లు కట్టారన్నారు, సముద్రంలో మునిగిపోయిన ఏదో ఖండం వాళ్లు కట్టారన్నారు. అక్కడే మొక్కజొన్న పండించుకుని బతుకుతున్న రైతుల తాతముత్తాతలు కట్టారని ఒప్పుకోవడానికి వారికి మనసు రాలేదు. 1839-42 మధ్య ఆ అడవుల్లో తిరిగిన జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికన్, ఆయన వెంట ఉండి బొమ్మలు గీసిన కేథర్‌వుడ్ మాత్రం ఉన్న మాట చెప్పారు. ఇవి ఈ నేల మనుషుల పూర్వీకుల పనేనని.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు శీతాకాలం సెలవులకు కాంకున్ వెళ్లడం ఇప్పుడు మామూలే. 1970లో మెక్సికో ప్రభుత్వం పనిగట్టుకుని నిర్మించడం మొదలుపెట్టిన ఊరది. సముద్రం, ఇసుక, హోటళ్లు. అక్కడ నుంచి ఒక పూట బస్సులో చిచెన్ ఇట్జా పిరమిడ్ చూసి, ఫోటో దిగి, తిరిగి వస్తారు. అంతే సంగతులు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశ్యం కాదు. కాని ఆ యూకటాన్ ద్వీపకల్పాన్ని చూడవలసిన వరుస అది కాదని మాత్రం చెప్పదలచుకున్నాను.

మొదట చూడవలసింది నీళ్లు. ఉత్తర యూకటాన్ అంతా సున్నపురాయి నేల. పైన నది అన్నది లేదు. కురిసిన వాన కురిసినట్లే రాతిలో ఇంకిపోయి అడుగున ప్రవహిస్తుంది. పైకప్పు కూలిన చోట ఆ నీరు బయటపడుతుంది. ఈ సహజమైన బావినే సెనోటె అంటారు. మాయా భాషలోని మాటే స్పానిష్ నోట్లో పడి అలా మారింది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం ఇక్కడ పడిన గ్రహశకలం తవ్విన గుంట అంచు వెంబడి సెనోటెలు వలయంగా ఏర్పడి ఉన్నాయి. డైనోసార్లు నశించింది ఆ దెబ్బతోనే. ఊళ్లు వెలిసింది ఈ బావుల దగ్గర. చిచెన్ ఇట్జా అనే పేరుకు అర్థమే 'ఇట్జా వారి బావి ముఖద్వారం'.

బావి లేనిచోట ఏం చేశారో ఉష్మాల్‌లో తెలుస్తుంది. అక్కడ సెనోటెలు లేవు. నేలలో కుండ ఆకారంలో గోతులు తవ్వి, లోపల సున్నం పూసి, వాననీరు నిలవచేసుకున్నారు. వాటిని చుల్తున్ అంటారు. ఆ భవనాల గోడల మీద వంకర ముక్కుతో కనిపించే ముఖాలు వానదేవుడు చాక్‌వని చెబుతారు. నీటికోసం ముఖం వాచిన రాయలసీమ వారెవరైనా ఆ గోడ ముందు నిలబడితే వేరే గైడు అక్కర్లేదు.

ఉష్మాల్ నుంచి కొంతదూరంలో మనీ అనే చిన్న ఊరుంది. బస్సులు అక్కడ పెద్దగా ఆగవు. నా దృష్టిలో ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైన స్థలం అదే. 1562 జూలైలో డియెగో డి లాండా అనే క్రైస్తవ సన్యాసి ఇక్కడ మాయా గ్రంథాలను కుప్పపోసి తగలబెట్టించాడు. మర్రిజాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద బొమ్మల లిపిలో రాసిన పుస్తకాలవి. మొత్తం మాయా వాఙ్మయంలో ఈనాడు ప్రపంచంలో మిగిలిన పాత పుస్తకాలు నాలుగంటే నాలుగు!

విచిత్రం ఏమిటంటే, కాల్చినవాడే తాళంచెవి కూడా వదిలి వెళ్లాడు. తరువాత కొన్నేళ్లకు లాండా ఆ దేశం గురించి ఒక గ్రంథం రాస్తూ, స్థానిక లేఖకుణ్ణి కూర్చోబెట్టి మీ అక్షరమాల రాయమన్నాడు. ఈయన స్పానిష్ అక్షరం 'బి' పేరును వాళ్ల పద్ధతిలో 'బె' అని పలికాడు. మాయా భాషలో 'బె' అంటే దారి. ఆయన దారి మీద పాదముద్ర గుర్తు గీశాడు. మీ భాషలో ఏదైనా ఒక వాక్యం రాయమంటే 'మా ఇన్ కాతి' అని రాశాడట. అంటే 'నాకు ఇష్టం లేదు' అని!

ఈ అక్షరమాల తప్పులతడక అని పండితులు చాలాకాలం పక్కన పెట్టారు. 1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరొజోవ్ అనే పరిశోధకుడు అసలు కిటుకు పట్టాడు. లేఖకుడు రాసినవి ఉత్త హల్లులు కావు, అచ్చుతో కూడిన అక్షరాలు. గుణింతం దిద్దిన మన పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ఎ, బి, సి, డి లు మాత్రమే తెలిసినవారికి శతాబ్దాలు పట్టింది. ఇంకొక విశేషం. క్నోరొజోవ్ అప్పటికి మాయా దేశం చూడలేదు. 1990లో గానీ గ్వాటెమాలాలో అడుగు పెట్టలేకపోయాడు. వెళ్లకుండానే చదివినవాడు ఆయన. వెళ్లి కూడా చూడకుండా వచ్చేవారి మాట పైన చెప్పనే చెప్పాను.

ఇప్పుడు చిచెన్ ఇట్జా వెళ్లవచ్చును. పెద్ద పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన అరుగుతో కలిపి 365. విషువత్తు రోజుల్లో సాయంత్రపు ఎండ ఉత్తరపు మెట్ల అంచు మీద త్రికోణాలుగా పడి, పాము దిగివస్తున్నట్లు కనబడుతుంది. 2006లో ఒక సందర్శకురాలు పడి మరణించిన తరువాత ఎక్కడం ఆపేశారు, కనుక కిందనుంచే చూడాలి.

గణిత విద్యార్థులు అక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం వేరే ఉన్నది. చుక్క అంటే 1, అడ్డగీత అంటే 5, గవ్వవంటి గుర్తు సున్న. మనం పదుల్లో లెక్కిస్తే వాళ్లు ఇరవైలలో లెక్కించారు. అంకెలను కిందనుంచి పైకి పేర్చారు. అడుగున గవ్వ, పైన ఒక చుక్క పెడితే 20. తేదీల లెక్కలో మాత్రం మూడో స్థానం 400 కాదు, 360. ఏడాదికి దగ్గరగా ఉండాలని. క్రీ.శ. 4వ శతాబ్దం నాటికే వాళ్ల శాసనాల్లో సున్న ఉన్నది. మనవాళ్లు కనుగొన్నదీ వాళ్లు కనుగొన్నదీ ఒకదానికొకటి తెలియకుండా పుట్టిన సున్నలు. ఇందులో మన గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. శుక్రగ్రహం చుట్టు 584 రోజులని వాళ్లకు తెలుసు. అటువంటివి అయిదు చుట్లు అయితే సరిగ్గా ఎనిమిది 365 రోజుల ఏళ్లు. కావాలంటే హెచ్చవేసి చూసుకోండి. 2012 డిసెంబరులో లోకం అంతమవుతుందని గగ్గోలు పెట్టింది ఈ పంచాంగం పేరు మీదనే. నిజానికి ఆనాడు ఒక పెద్ద లెక్క పూర్తయి మరొకటి మొదలయింది, మన కారు స్పీడోమీటరు దగ్గర మీటరు తిరిగినట్లు.

మనకు ఆ నేలతో నిజమైన బంధుత్వం కావాలంటే మయుణ్ణి పిలవనక్కరలేదు, పండ్ల బండి దగ్గరకు వెళితే చాలు. మన సపోటా ఆ అడవుల చెట్టు. దాని కర్రనే గుడి ద్వారబంధాల పైన అడ్డదూలాలుగా వేశారు. వెయ్యేళ్లు దాటినా కొన్ని అలాగే నిలిచి ఉన్నాయి. దాని పాలతోనే మొదట్లో చూయింగ్ గమ్ చేశారు.

2023 డిసెంబరు నుంచి అక్కడ 'మాయా రైలు' నడుస్తున్నది. ప్రయాణం సుఖమే. కాని కొన్ని చోట్ల దాని స్తంభాలను భూగర్భ గుహల్లోకి దింపారు. ఆ గుహల్లో ఉన్నది ద్వీపకల్పమంతా తాగే నీరు. రైలుకు పెట్టిన పేరు గలవాళ్లలోనే కొందరు దానిని వ్యతిరేకించారు.

అవును, ఆ పేరు గలవాళ్లు ఉన్నారు. 2020 జనాభా లెక్కల్లో 7 లక్షల మందికి పైగా యూకటాన్ మాయా భాష మాట్లాడేవారున్నారు. పిరమిడ్ నీడలో కొయ్యబొమ్మలు అమ్మే అతను మనతో స్పానిష్‌లో బేరమాడి, పక్క కొట్టువాడితో మాట్లాడేది ఆ భాషే. వెళ్లేవారు ఒక్క పలకరింపు నేర్చుకుని వెళ్లండి. 'బాష్ కా వాలిక్' అంటే 'ఏమంటావు?' అని. 'మిష్ బాల్', అంటే 'ఏమీ లేదు', అని బదులు వస్తుంది. ఆ తరువాత ఆ బొమ్మ ధర కొంచెం తగ్గినా తగ్గవచ్చును.