పనిముట్ల రూపకల్పనలో దేహ స్కానింగ్ కొలతలు

వరిలో కోనోవీడరు తోసే స్త్రీ భుజాలు పైకెత్తి పని చేయవలసి వస్తున్నదంటే లోపం ఆమె శరీరంలో లేదు, పిడి ఎత్తులో ఉన్నది. పిడి ఎత్తును మోచేతి ఎత్తును బట్టి, పట్టు మందాన్ని అరచేతిని బట్టి నిర్ణయించాలి. ఇందుకు భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ 2009లో ప్రచురించిన 79 దేహ కొలతల సమాచారం మనకు ఆధారంగా ఉన్నది. అయితే చేతితో కొలిచే పద్ధతిలో టేపు బిగింపు మనిషి మనిషికీ మారుతుంది. మరచిన కొలత కోసం ఆ వ్యక్తిని మళ్లీ పిలవాలి.

త్రిమితీయ స్కానరులో ఈ ఇబ్బంది తక్కువ. శరీరంపై లేజర్ గీతను గాని, కాంతి చారలను గాని ప్రసరింపజేసి, మరొక కోణం నుండి కెమెరా దానిని చూస్తుంది. త్రిభుజ గణితం ద్వారా ప్రతి బిందువు దూరం తెలుస్తుంది. కొన్ని సెకన్లలో దేహాకృతి అంతా బిందువుల సమూహంగా నమోదై, కావలసిన కొలతను తరువాత ఎప్పుడైనా తీసుకోవచ్చును.

పరిమితులు లేకపోలేదు. చంకల వంటి మరుగు భాగాలు కెమెరాకు అందవు. భుజాస్థి కొన వేలితో తడిమితేనే తెలుస్తుంది కనుక ముందుగా అక్కడ గుర్తు అంటించాలి. శ్వాస, శరీరపు ఊగిసలాట కూడ కొలతను మారుస్తాయి. ఐఎస్ఓ 20685 ప్రమాణం చేతి కొలతకు, స్కానర్ కొలతకు మధ్య సగటు తేడాను దేహపు ఎత్తులలో 4 మిల్లీమీటర్ల వరకు, పెద్ద చుట్టుకొలతలలో 9 వరకు అనుమతిస్తున్నది. పిడి ఎత్తుకు ఇది చాలును. అరచేతికి మాత్రం నేను ఇప్పటికీ కాలిపరునే నమ్ముతాను.

అసలు చిక్కు దుస్తులది. చీర కట్టుకొని నిలబడితే స్కానరు కొలిచేది చీరనే. బిగుతు దుస్తులకు గ్రామీణ స్త్రీలు సంకోచించడం సహజం. కనుక మహిళా సిబ్బంది, చాటు గది, ముందస్తు సమ్మతి, ముఖాన్ని తొలగించి భద్రపరచడం తప్పనిసరి. వీటికి ఏర్పాటు లేని చోట టేపుతో కొలవడమే మర్యాద.

హైదరాబాదు కూడ ఒక కేంద్రంగా చేపట్టిన ఇండియాసైజ్ సర్వే ఉద్దేశం తయారు దుస్తుల సైజులు. నిటారుగా నిలిచిన ఆ కొలతలు, నడుము వంచి కలుపు తీసే భంగిమకు నేరుగా వర్తించవు. సగటు కొలతకు పిడి చేయడం మరో పొరపాటు. పొట్టివారికీ, పొడుగువారికీ అది సరిపోదు. స్త్రీల 5వ శతాంశం నుండి పురుషుల 95వ శతాంశం వరకు సరిచేసుకొనే విధంగా పిడికి రంధ్రాలు పెట్టి బోల్టు బిగిస్తే, ఒకే పరికరం ఇంటిల్లిపాదికీ పనికి వస్తుంది.