నిస్తంత్రీ అంతర్జాలము – ఈ-మెయిలు చిరునామా
(విద్యార్థులకొక పాఠము)

ఉపోద్ఘాతము

ఉత్తరము చేరవలెనన్న చిరునామా సరిగా నుండవలెను. తపాలా వ్యవస్థ పుట్టిననాటి నుండి నేటివరకు ఈ సత్యము మారలేదు. 1972 ఆగస్టు 15న మన దేశమున పిన్‌కోడు పద్ధతి అమలులోనికి వచ్చినది. 501401 అను ఆరంకెలు కవరుపై వ్రాసినచో ఆ ఉత్తరము మేడ్చల్ దారి పట్టును. సరిగా ఇరువదిమూడు సంవత్సరముల పిమ్మట, 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ద్వారా మన దేశములోని సామాన్య ప్రజలకు అంతర్జాల సౌకర్యము లభించినది. నాటి నుండి మనిషికి ఇంటి చిరునామాతో పాటు మఱియొక చిరునామా అవసరమగుచు వచ్చినది. అదియే ఈ-మెయిలు చిరునామా.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము రెండు రహదారుల మీద వెలసినది. ఒకవైపు 44వ జాతీయ రహదారి, మఱియొకవైపు రాజీవ్ రహదారి, వాటిని కలుపుచు ఔటర్ రింగు రోడ్డు. 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ, 2008లో తలుపులు తెరచిన బిట్స్ హైదరాబాదు ప్రాంగణము, అన్నియు ఈ దరిదాపులలోనే యున్నవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడినది. 2022లో శామీర్‌పేట మండలము అంతాయిపల్లిలో జిల్లా కార్యాలయముల సముదాయము ప్రారంభమైనది. ఈ విద్యాలయములలో చేరగోరినను, ఇచ్చటి పరిశ్రమలలో కొలువు కోరినను, ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టుకొన్నను, కాగితముపై మొదట అడుగబడునది ఫోను నంబరు, ఈ-మెయిలు చిరునామా.

మన విద్యార్థులలో ఫోను లేనివారు అరుదు. కాని తన ఈ-మెయిలు తానే తెరచి చూచుకొనగలవారెందరు? చాలమందికి ఆ చిరునామాను దరఖాస్తు నింపిన ఇంటర్నెట్ సెంటరువారు అప్పటికప్పుడు సృష్టించి యిచ్చినారు. పాస్‌వర్డు ఏమని అడిగినచో సమాధానము లేదు. ఇల్లు మన పేరున నుండి తాళపుచెవి పరాయివారి చేత నున్నట్లు! కావున ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే. నిస్తంత్రీ అంతర్జాలము దారి వంటిది. అది ఎవరిదైనను కావచ్చును. ఈ-మెయిలు ఇల్లు వంటిది. దాని తాళపుచెవి మన చేతిలోనే యుండవలెను.

నిస్తంత్రీ విధానము

తంత్రి యనగా తీగ. తీగ లేకుండ వార్తను పంపు విధానమే నిస్తంత్రీ విధానము. దీని చరిత్రలో మన దేశమునకు గౌరవస్థానము కలదు. ఆచార్య జగదీశ్ చంద్ర బోసు 1895లో కలకత్తాలో కంటికి కానరాని విద్యుత్తరంగములను గోడల గుండ పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందును మండించి చూపినారు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు ద్వీపముల నడుమ నున్న కంప్యూటర్లను రేడియో తరంగములతో కలిపినారు. 1997లో ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణమొకటి ఏర్పడినది. 1999లో దానికి ‘వైఫై’ అను వ్యాపారనామము పెట్టబడినది. ఇది ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అను మాటకు సంక్షిప్తరూపమని పోటీపరీక్షల పుస్తకములలో కనిపించును గాని, అది నిజము కాదు. పలుకుటకు సులువుగా నుండుటకై కల్పించిన పేరు మాత్రమే. మన దేశమున 2005లో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతి లభించిన పిదప వైఫై ఇండ్లలోనికి ప్రవేశించినది.

ఇంటిలోని రౌటరు సాధారణముగా రెండు విధములైన తరంగములను వెలువరించును. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము పొడవు సుమారు పండ్రెండున్నర సెంటీమీటర్లు. ఇది గోడలను దాటి దూరము పోవును గాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగము పొడవు ఆరు సెంటీమీటర్లు. వేగమెక్కువ గాని గోడ అడ్డమైనచో త్వరగా నీరసించును. కావున రౌటరును ఇనుప బీరువా వెనుకనో, వంటింటి మైక్రోవేవ్ ప్రక్కనో పెట్టరాదు. ఇంటి నడుమ, కొంచెము ఎత్తున అమర్చవలెను. ఒకే ఫోను వరండాలో చక్కగా పనిచేసి లోపలి గదిలో మందగించుటకు కారణము ఫోను లోపము కాదు, నడుమ నున్న గోడ.

ఫోనులో వైఫై అమర్చు క్రమము

ఆండ్రాయిడ్ ఫోనులో మొదట ‘సెట్టింగులు’ తెరచి, ‘నెట్‌వర్కు, ఇంటర్నెట్’ అను విభాగమునకు పోవలెను. కొన్ని ఫోనులలో దీనిని ‘కనెక్షన్లు’ అందురు. అచ్చట ‘వైఫై’ మీటను నొక్కగనే సమీపమున నున్న నెట్‌వర్కుల పేర్లు వరుసగా కనిపించును. మనకు అనుమతి యున్న పేరును తాకి, పాస్‌వర్డును అక్షరము తప్పకుండ కొట్టవలెను. ఇంగ్లీషు పెద్ద అక్షరమునకు, చిన్న అక్షరమునకు తేడా యున్నదని మరువరాదు. ‘కనెక్టెడ్’ అను మాట కనిపించినచో ఫోను రౌటరును చేరినదని మాత్రమే అర్థము. ‘ఇంటర్నెట్ లేదు’ అని దానిక్రింద వ్రాసియున్నచో, మన ఇంటి నుండి వీధి వరకు దారి యున్నది గాని వీధి నుండి ఊరికి దారి లేదన్నమాట. అప్పుడు పాస్‌వర్డు మార్చిన ప్రయోజనము లేదు. రౌటరును ఆపి మరల వెలిగించి, అప్పటికిని రానిచో కనెక్షను ఇచ్చినవారికి తెలుపవలెను.

ఇంటిలో రౌటరు లేనివారు, ఒక ఫోనులోని డేటాను మఱియొక ఫోనునకు ‘హాట్‌స్పాట్’ ద్వారా పంచుకొనవచ్చును. అయితే హాట్‌స్పాటునకు పాస్‌వర్డు తప్పక పెట్టవలెను. లేనిచో ప్రక్కింటివారును మన డేటాను వాడుకొనగలరు.

బస్ స్టాండులో, హోటలులో ఉచితముగా లభించు వైఫై విషయమున జాగ్రత్త అవసరము. పేరును బట్టి నమ్మరాదు. ఏ పేరుతోనైనను ఎవరైనను నెట్‌వర్కు సృష్టింపగలరు. అట్టిచోట వార్తలు చదువుకొనవచ్చును, పాఠము వినవచ్చును. క్రొత్త ఖాతా తెరచుట, పాస్‌వర్డు మార్చుట, డబ్బు చెల్లించుట మాత్రము సొంత డేటాతోనే చేయుట మేలు.

ఈ-మెయిలు పనిచేయు తీరు

1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మఱియొక కంప్యూటరునకు ఉత్తరమును పంపి, మనిషి పేరునకు యంత్రము పేరునకు నడుమ @ గుర్తును ఉంచినాడు. మనుషుల పేర్లలో ఈ గుర్తు రాదు గనుక దానిని ఎన్నుకొనినాడు. మన కవరుపై ‘ఫలానావారు, ఫలానా ఊరు’ అని వ్రాసినట్లే, ఈ గుర్తునకు ముందు నున్నది మనిషి, తరువాత నున్నది ఊరు.

ఉత్తరము నేరుగా మన ఫోనునకు రాదు. అది మొదట సేవాసంస్థవారి సర్వరునకు చేరి, అచ్చట మన పెట్టెలో నిలిచియుండును. ఫోను అందులోనికి తొంగిచూచి మనకు చూపును. కావుననే ఫోను పోయినను ఉత్తరములు పోవు; మఱియొక ఫోనులో పేరు, పాస్‌వర్డు ఇచ్చినచో అన్నియు మరల కనిపించును. ఒకే ఫోనును అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు పంచుకొను ఇండ్లలో గూడ ఎవరి ఖాతా వారికి వేరుగా నుండవచ్చును. ఫోను ఒక్కటే యైనంత మాత్రమున చెల్లెలి దరఖాస్తుపై అన్నగారి ఈ-మెయిలు వ్రాయనక్కరలేదు.

ఖాతా తెరచుట – పేరు, పాస్‌వర్డు

‘సెట్టింగులు’లో ‘ఖాతాలు’ అను విభాగమున ‘ఖాతా చేర్చు’ అను మీట కలదు. జీమెయిలు కావలసినవారు ‘గూగుల్’ ఎన్నుకొని, ‘క్రొత్త ఖాతా’ నొక్కి, పేరు, పుట్టినతేది ఇచ్చుకొనుచు పోవలెను. ఇచ్చట రెండు విషయములపై దృష్టి నిలుపవలెను.

మొదటిది పేరు. మన విద్యార్థుల పేర్లు ఇంగ్లీషులో పలువిధములుగా వ్రాయబడుచున్నవి. మొహమ్మద్ అను ఒక్క పేరే పదవ తరగతి మెమోలో ఒక తీరున, ఆధారు కార్డులో మఱియొక తీరున, రెండక్షరముల పొట్టిరూపమున ఇంకొకచోట కనిపించును. ఫాతిమా, సయ్యద్, షేక్ అను పేర్లకును ఇదే గతి. ఇంటిపేరు ముందో వెనుకో అను చిక్కు తెలుగు పేర్లన్నింటికిని కలదు. ఖాతా తెరచునపుడు పదవ తరగతి మెమోను ఎదుట పెట్టుకొని, అందున్న అక్షరక్రమమునే వాడవలెను. సినిమా నటుల పేర్లు, ముద్దుపేర్లు చిరునామాలో చేర్చినచో నవ్వులాటకు బాగుండును గాని, రేపు ఉద్యోగమిచ్చువారి ఎదుట బాగుండదు.

రెండవది పాస్‌వర్డు. సొంత పేరు, పుట్టిన సంవత్సరము, ఫోను నంబరు పనికిరావు. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగు తెలుగు లేక ఉర్దూ మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, నడుమ నొక అంకె చేర్చినచో జ్ఞాపకముండును. ఇతరులకు ఊహించుట కష్టము. ఈ పాస్‌వర్డును మఱి యే ఇతర ఖాతాకును వాడరాదు.

తాళపుచెవిని కాపాడుకొనుట

ఖాతా తెరచుట పది నిమిషముల పని. దానిని పదేండ్లు నిలుపుకొనుట అసలు పని. ఖాతా చేయిజారుటకు మూడు దారులు కలవు.

మొదటిది, సిమ్ మార్పు. చవక పథకము కోసము నంబరు మార్చువారు, పాత నంబరు తమ ఈ-మెయిలునకు కాపలాగా నున్నదని మరతురు. వాడక నిలిచిపోయి రద్దయిన నంబరును తొంబది దినముల గడువు తరువాత మఱియొకరికి ఇచ్చుట మన దేశమున నియమము. అప్పుడు మన ఓటీపీ అపరిచితుని ఫోనునకు పోవును. దోస్త్ అనగా ఉర్దూలో స్నేహితుడు. 2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు నడుపుచున్న పద్ధతికి ఆ పేరే పెట్టినారు. కాని ఓటీపీ అందని విద్యార్థికి ఆ దోస్తు తలుపు తీయడు! నంబరు మార్చుటకు ముందుగనే ఖాతాలో క్రొత్త నంబరును నమోదు చేయవలెను.

రెండవది, నిండిన పెట్టె. గూగుల్ వారు ఉచితముగా ఇచ్చు 15 గిగాబైట్ల చోటును ఉత్తరములు, ఫోటోలు, దస్త్రములు కలిసి పంచుకొనును. పెండ్లి వీడియోలతో అది నిండినచో క్రొత్త ఉత్తరములు లోనికి రావు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చి తిరిగిపోయిన సంగతి మనకు తెలియనే తెలియదు. అప్పుడప్పుడు చోటు చూచుకొని అనవసరమైనవి తొలగింపవలెను.

మూడవది, వాడక నిలిపివేయుట. రెండు సంవత్సరముల కాలము ముట్టని ఖాతాలను తొలగించు పద్ధతిని గూగుల్ వారు 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టినారు. ఇంటరులో తెరచి డిగ్రీ చివరి సంవత్సరమున వెదకుకొనువారు ఈ సంగతి గమనింపవలెను. వారమునకొక్కసారి పెట్టె తెరచుట మంచి అలవాటు.

ఈ మూడింటికి తోడు, ‘రెండంచెల ధ్రువీకరణ’ అను ఏర్పాటును చేసికొనవలెను. అది చేసికొన్నవారికి పది రహస్య సంఖ్యలు లభించును. ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే పనిచేయును. వాటిని కాగితముపై వ్రాసి మెమోలతో పాటు భద్రపరచినచో, ఫోను పోయిననాడు ఖాతా పోదు. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. అడిగినవారు అధికారులమని చెప్పుకొన్నను చెప్పరాదు. మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

మన భాషలలో ఉత్తరము

ఈ-మెయిలు ఇంగ్లీషువారికే పరిమితమను భయము వలదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగు లిపికి స్థానము దొరకినది. ఫోను కీబోర్డు సెట్టింగులలో తెలుగును, ఉర్దూను చేర్చుకొని, ఒకే ఉత్తరమున రెండింటిని వాడవచ్చును. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచును. రెండింటిని ఒకే పంక్తిలో కలిపినచో అంకెలు తారుమారగుట కలదు. కావున ఒక్కొక్క భాషకు వేర్వేరు పేరా వ్రాయుట మేలు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు అక్షరపు ఒకానొక కూర్పు ఐఫోనులకు అందగనే సందేశములు తెరచు అనువర్తనములు కుప్పకూలినవి. కంపెనీవారు కొలదిదినములలో ఆ లోపమును సవరించిరి. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంతటి యంత్రమును తడబడజేసినదన్నమాట!

దరఖాస్తు ఉత్తరము పంపునపుడు ‘విషయము’ అను గడిని ఖాళీగా వదలరాదు. అందులో తన పేరు, తరగతి, పని ఒక్క పంక్తిలో వ్రాయవలెను. సంబోధన, క్లుప్తమైన మనవి, చివర సంతకము కాగితపు ఉత్తరమునందు వలెనే యుండవలెను. మెమోలను పీడీఎఫ్ రూపమున జతపరచి, ఆ దస్త్రమునకు తన పేరే పెట్టవలెను. జీమెయిలులో జతపరచు దస్త్రములు 25 మెగాబైట్లను మించరాదు. వాట్సాప్ సందేశము సంభాషణ వంటిది. ఈ-మెయిలు తేదీతో సహా నిలుచు దాఖలా వంటిది. వివాదము వచ్చిననాడు ‘నేను ఫలానా దినమున దరఖాస్తు పంపితిని’ అని చూపుటకు పంపిన ఉత్తరముల పెట్టె సాక్ష్యము పలుకును.

ఉపసంహారము

పూర్వము చదువురాని ఇంటికి ఉత్తరము వచ్చినచో పోస్టుమాను గారే చదివి వినిపించెడివారు. జవాబును వారి చేతనే వ్రాయించెడివారు. చదువుకొన్న తరము వచ్చిన పిదప ఆ అవసరము తీరినది. నేడు డిగ్రీ చదువుచున్న వారు తమ ఉత్తరమును తెరచుటకు ఇంటర్నెట్ సెంటరుకు పోవుట ఆ పాతకాలమునకు మరల పోవుటయే. విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సంచికను ప్రక్కన పెట్టుటకు ముందే మీ ఫోను తెరచి నాలుగు ప్రశ్నలకు సమాధానము చూచుకొనుడు. మీ చిరునామాలోని పేరు మెమోలోని పేరేనా? పాస్‌వర్డు మీకొక్కరికే తెలియునా? ఖాతాలో నున్న ఫోను నంబరు నేటి నంబరేనా? పెట్టెలో చోటు మిగిలియున్నదా? నాలుగింటికిని ‘అవును’ అనగలిగిననాడు ఆ ఇల్లు నిజముగా మీది. తాళపుచెవి మీ చేతిలో నున్నవారు, ఇంటికి పోయి తమ్మునికి, చెల్లెలికి గూడ ఈ పాఠము చెప్పుడు.