వచ్చిపోవు మెమొరీదోషమును గుర్తించు విధము

చలిజ్వరము విడిచియున్న వేళ రోగిని పరీక్షించిన వైద్యునకు దేహము చల్లగానే తోచును. కంప్యూటరు మెమొరీయందలి దోషమును అట్టిదే. నేడు పాఠశాలల మార్కులు, బ్యాంకుల నిలువలు, ఆస్పత్రుల చీటీలు డేటాబేసులయందే భద్రపరుపబడుచున్నవి. అందొక యంకె మారినచో ఒకని బ్రతుకే తారుమారు కావచ్చును. కావున ఈ దోషమును గుర్తించు విధమును తెలిసికొనుట యావశ్యకము.

మెమొరీయందు సమస్తమును 0, 1 అను రెండంకెలతోడనే వ్రాయబడును. ఒక్కొక్క స్థానమునకు బిట్టు అని పేరు. 2003 మే 18వ తేదీన బెల్జియము దేశమున జరిగిన యెన్నికలలో, బ్రస్సెల్సు ప్రాంతమగు స్కార్బేకునందు ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అధికముగ లెక్కకు వచ్చెను. ఆ సంఖ్య రాగూడనంత పెద్దదగుటచేత తప్పు బయటపడెను. పండ్రెండు రెండులను హెచ్చవేసిన 4096 వచ్చును. అనగా నది యొక్క బిట్టు విలువ. యంత్రమును మరల పరీక్షింపగా తప్పు తిరిగి కానరాలేదు. మెమొరీలోని యొక బిట్టు తనంత తాను మారియుండునని నిపుణులు తలచిరి.

ఇట్టి మార్పులు రెండు తెగలు. అంతరిక్షమునుండి వచ్చు కిరణములవలన గలుగునది క్షణికము. చిప్పులోని బలహీనతవలన గలుగునది మరల మరల వచ్చును. గూగుల్ సంస్థ యంత్రములనుగూర్చి 2009లో ప్రకటింపబడిన పరిశీలనలో, ఏటేట సుమారు మూడవవంతు యంత్రములకు మెమొరీదోషము ఒక్కసారియైన కలిగినదనియు, వానిలో అధికభాగము రెండవ తెగవే కావచ్చుననియు తేలెను. కావున కాకతాళీయమని విడిచిపెట్టరాదు.

ఈ దోషము సంరక్షణకార్యములందే యేల బయటపడును? సాధారణ వ్యవహారములయందు డేటాబేసులోని కొలది పుటలు మాత్రమే మెమొరీలోనికి వచ్చును. సూచికలు తిరిగి కట్టునపుడును, సంపూర్ణమగు బ్యాకప్పు తీయునపుడును ప్రతి పుటయు రావలెను, యంత్రమును వేడెక్కును. అంతవరకు అంతగా వాడుకలోనికి రాని బలహీనస్థానమునకు అప్పుడు పని తగులును.

పరీక్షించు క్రమ మిది.

మొదటిది: తప్పు కనబడినతోడనే మరమ్మతు మొదలిడరాదు. చూపు మందగించిన లేఖకుని చేతికి పాత కవిలె నిచ్చి దిద్దుమనిన, మంచి యంకెలనుగూడ చెరుపును. చెడిన మెమొరీగల యంత్రమును అట్లే. యంత్రము నాపి, డిస్కును వేరొక మంచి యంత్రమునకు తగిలించి నకలు తీయవలెను. పాత బ్యాకప్పులను చెరిపివేయరాదు.

రెండవది: తప్పు వచ్చిన ప్రతిసారియు తేది, గంట, ఫైలు పేరు, పుట సంఖ్య వ్రాసికొనవలెను. మంచి యంత్రముపై చదివినను అదే పుట తప్పినచో, చెడుగు డిస్కుపైననే వ్రాయబడి యున్నది. తప్పు ఒకమారు ఒకచోటను మరియొకమారు వేరొకచోటను కనబడి, మంచి యంత్రముపై ఆ పుటలన్నియు సరిగా నున్నచో మెమొరీనే ముందుగా శంకింపవలెను.

మూడవది: మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రియంతయు నడుపవలెను. ఒక్క ఆవృత్తి నిర్దోషముగ ముగిసినంతమాత్రమున నమ్మరాదు. పిదప ర్యాము పలకల నొక్కొక్కటిగా తీసి, తప్పు ఏ పలకతో వచ్చునో, ఏ పలకతో పోవునో చూడవలెను.

నాల్గవది: సర్వరులలో వాడు ఈ.సి.సి. మెమొరీయందు సాధారణముగ 64 బిట్లకు 8 కాపలా బిట్లుండును. ఒక బిట్టు తప్పిన దిద్దును, రెండు తప్పిన తెలుపును. ఇందులకు మూలమగు పద్ధతిని రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు 1950లో ప్రకటించెను. దిద్దిన తప్పులు యంత్రపు చిట్టాలో నమోదగును. ఒకే పలక పేరు మాటిమాటికి వచ్చుచున్నచో దానిని మార్చవలెను.

తుదకొక హెచ్చరిక. పోస్టుగ్రెస్ వంటి డేటాబేసులు ప్రతి పుటకును పరీక్షాంకము నుంచగలవు. కాని యది డిస్కునకు వ్రాయునపుడు గణింపబడును గావున, అంతకు మునుపే మెమొరీయందు చెడిన యంకెకు గూడ ఒప్పుముద్ర పడవచ్చును. కావున క్రొత్త పలక నమర్చిన పిమ్మట, దోషము పొడసూపుటకు పూర్వపు బ్యాకప్పుతోడను మూలపత్రములతోడను లెక్కలను సరిపోల్చినగాని పని ముగిసినట్లు ఎంచరాదు.