పాప బుగ్గలు, బారసాల డబ్బాలు

సమస్య

అక్కా,

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా పాపకి ఐదో నెల నడుస్తోంది. పుట్టినప్పుడు ఒళ్ళు నున్నగా ఉండేది. మూడో నెల దాటాక బుగ్గలు ఎర్రబడటం మొదలైంది. ఇప్పుడు రెండు బుగ్గలూ, మోచేతుల వెలుపలి వైపూ, మోకాళ్ళ కిందా ఇసుక కాగితంలా గరుకుగా తయారయ్యాయి. రాత్రిళ్ళు ఎత్తుకుంటే నా భుజానికి బుగ్గ ఆనించి ఒకటే రుద్దుకుంటుంది. తెల్లారి చూస్తే పక్కగుడ్డ మీద సన్నటి పొలుసులు.

పాపకి నీళ్ళు మా అత్తయ్యగారే పోస్తారు. మా వీధిలో సగంమంది పిల్లలకి ఆవిడే పోశారు. కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాసి, శనగపిండిలో పసుపూ మీగడా కలిపి నలుగు పెడతారు. ఆ పైన బేబీ సబ్బు, వేడివేడి నీళ్ళు. తుడిచాక సాంబ్రాణి పొగ, మెడకీ చంకలకీ పౌడరు, చివరికి లోషన్. బారసాలకి వచ్చిన గిఫ్ట్ సెట్లే అరడజను దాకా ఉన్నాయి, ఒకటి అయిపోతే ఇంకొకటి విప్పుతున్నారు.

బెంగళూరులో ఉండే మా ఆడపడుచు వీడియో కాల్‌లో పాపని చూసి, ఫ్రాగ్రెన్స్ ఫ్రీవి వాడమంది. నేను ఆన్‌లైన్‌లో ఒక లోషన్ తెప్పించాను. డబ్బా మీద నేచురల్ అనీ, హైపోఅలర్జెనిక్ అనీ రాసి ఉంది. రాస్తే బుగ్గలు ఇంకా ఎర్రబడ్డాయి. దాని ఖరీదు తెలిసి అత్తయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. "పిల్ల దగ్గర పిల్ల వాసన రావద్దా? ఎత్తుకున్నవాళ్ళు నీళ్ళే పోయలేదనుకుంటారు" అన్నారు. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో మాయమైంది, ఆపగానే రెట్టింపై కూర్చుంది. నా పాల వల్లేమో అని గోంగూర, వంకాయ, చేప, గుడ్డు అన్నీ మాన్పించారు. మావారికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదట. ఆయన్ని అడిగితే, "అమ్మతో గొడవెందుకు, తగ్గుతుందిలే" అంటారు.

వచ్చే నెల అన్నప్రాశన. ఏ కంపెనీది కొనాలి? అత్తయ్యగారిని నొప్పించకుండా ఎలా మార్చుకోవాలి?

ఓ తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా

చెల్లీ,

ఏ కంపెనీది కొనాలి అని అడిగావు. అది తర్వాత చూద్దాం. ఇప్పుడు పాప ఒంటికి తగులుతున్న వాసనలన్నీ ముందు తీసెయ్యాలి. ఇంట్లో ఆరు వాసనలు ఉండగా ఏడోది వాసన లేనిది కొని రాస్తే ఏం తేలుతుంది చెప్పు.

నువ్వు రాసిన గుర్తులు, అంటే బుగ్గలు, మోచేతుల వెలుపలి వైపు, రాత్రి దురద, పైగా తండ్రికి చిన్నప్పటి ఉబ్బసం, ఇవన్నీ కలిపి చూస్తే పసిపిల్లలకి వచ్చే ఎగ్జిమాలా ఉంది. ఉత్తరం చదివి జబ్బు తేల్చకూడదు కాబట్టి ఈ వారంలోనే పిల్లల డాక్టరుకో చర్మ డాక్టరుకో చూపించు. కానీ ఒక మాట మాత్రం ఇప్పుడే నమ్ము. ఇది నీ పాల వల్ల వచ్చింది కాదు, నీళ్ళు సరిగ్గా పోయకపోవడం వల్ల వచ్చింది అంతకన్నా కాదు. కొందరు పిల్లల చర్మం పుట్టుకతోనే తడిని సరిగ్గా పట్టి ఉంచలేదు. ఉబ్బసం, తుమ్ములు ఉన్న కుటుంబాల్లో ఇది ఎక్కువ. అలాంటి చర్మం ఎండి, సన్నగా నెరియలు విచ్చుతుంది. పైన రాసిన ప్రతిదీ ఆ నెరియల్లోంచి లోపలికి దిగుతుంది. సువాసన ఈ జబ్బుని పుట్టించదు. ఉన్నదాన్ని మండిస్తుంది, కొత్త అలర్జీలకి దారి తీస్తుంది.

అందుకే ఆ పథ్యం ఆపెయ్. పాలిచ్చే తల్లివి, గుడ్డూ చేపా మానేసి నీరసపడితే పాపకి ఒరిగేదేమీ లేదు. ఫలానా తిండి మానమని డాక్టరు పరీక్ష చేసి చెబితే అప్పుడు మానుదువుగాని.

పసిపిల్లల చర్మం పైపొర మనకంటే సుమారు 30 శాతం పలచన. బరువుతో పోలిస్తే వాళ్ళ ఒంటి వైశాల్యం మనకంటే చాలా ఎక్కువ, కాబట్టి రాసింది మోతాదుకి మించి ఒంట్లోకి పోతుంది. చర్మం మీద సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ 5, 5.5 దగ్గర. అదే దానికి కాపలా. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. వేడి నీళ్ళు, సబ్బు, నలుగు రాపిడి మూడూ కలిసి రోజూ ఆ కాపలాని కడిగేస్తున్నాయి. అలా కడిగిన చర్మం మీద పరిమళం పడుతోంది.

ఇక డబ్బాల సంగతి. బారసాల సెట్లన్నీ కింద పరుచుకుని కూర్చో. ముందు వైపు ఏం రాసి ఉందో చూడకు. నేచురల్, మైల్డ్, డెర్మటాలజిస్ట్ టెస్టెడ్ అనే మాటలకి పట్టుకుని అడగడానికి ఒక కొలత లేదు. హైపోఅలర్జెనిక్ అన్న మాటకి అమెరికా ప్రభుత్వం 1975లో ఒక నియమం పెట్టబోతే, సౌందర్య సాధనాల కంపెనీలు కోర్టుకెక్కి 1977లో దాన్ని కొట్టేయించాయి. అప్పటి నుంచీ అక్కడ ఎవరి ఇష్టం వాళ్ళది. నీ కొత్త లోషన్ మీద ఉన్న ఆ మాట పాప బుగ్గలకి ఏ హామీ ఇవ్వలేదు.

డబ్బా తిప్పి వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న దినుసుల జాబితా చదువు. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువున్న దినుసుల్ని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, ఒక శాతం, అంతకంటే తక్కువున్నవి ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. సువాసన సాధారణంగా ఆ చివర్లోనే ఉంటుంది, కాబట్టి మొదటి నాలుగు పేర్లు చదివి ఆపొద్దు. ఫ్రాగ్రెన్స్, పర్ఫ్యూమ్, పార్ఫమ్, అరోమా, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ డబ్బా పక్కన పెట్టు. ఆ ఒక్క మాట వెనకాల పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. లినలూల్, లిమోనీన్, జెరానియాల్, సిట్రోనెలాల్, యూజినాల్ అని విడివిడిగా రాసినా అవీ పరిమళాలే. యూరప్‌లో మొదట ఇలాంటి 26 దినుసుల పేర్లు అట్ట మీద తప్పనిసరి చేశారు, 2023లో ఆ జాబితాని 80 దాటించారు. లినలూల్ లావెండర్ నూనెలో ఉంటుంది, లిమోనీన్ నారింజ తొక్కలో ఉంటుంది. మొక్క నుంచి వచ్చాయి కదా అని తేలిగ్గా తీసుకోకు. మూత తీసి గాలి తగిలేకొద్దీ ఇవి మారిపోయి చర్మానికి మరింత పడకుండా పోతాయి. నీ నేచురల్ లోషన్‌లో లావెండరో టీ ట్రీ నూనో ఉందేమో చూడు. నా అనుమానం అక్కడే.

అన్‌సెంటెడ్ అని రాసిన వాటితోనూ జాగ్రత్త. ముడిసరుకు వాసన కప్పిపెట్టడానికి వాటిలో ఒక్కోసారి వేరే పరిమళం కలుపుతారు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని ఉండి, వెనక జాబితాలో కూడా పైన చెప్పిన పేర్లు లేకపోతేనే తీసుకో. తడి వైప్స్ ఉంటే వాటిలో మిథైల్‌ఐసోథయజోలినోన్ ఉందేమో కూడా చూడు. అది సువాసన కాదు, నిల్వ ఉండటానికి వేసే మందు. అమెరికాలో చర్మ అలర్జీ నిపుణుల సంఘం 2013కి ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది దాన్నే. ఇంట్లో ఉన్నప్పుడు నీళ్ళూ మెత్తటి నూలుగుడ్డా ఉండగా వైప్స్ అక్కర్లేదు.

డబ్బాలతో అయిపోలేదు. పాప బుగ్గ రుద్దుకునేది నీ భుజానికి అన్నావు. నీ జాకెట్టు ఏ సబ్బుపొడితో ఉతుకుతున్నారు? చివర్లో వాసన కోసం కండిషనర్ వేస్తున్నారా? మీవారు చొక్కాకి సెంటు కొట్టుకుని ఇంటికొచ్చి అలాగే ఎత్తుకుంటారా? ఎత్తుకునే ముందు చొక్కా మార్చుకోమను, "తగ్గుతుందిలే" అనడం కంటే పాపకి అది మేలు. పాప బట్టలూ పక్కగుడ్డలూ కండిషనర్ లేకుండా ఉతికి, మరో రెండుసార్లు మంచినీళ్ళలో జాడించు. నువ్వు తలలో మల్లెపూలు పెట్టుకోవద్దని మాత్రం నేను చెప్పను.

ఇంకొకటి నువ్వు రాయలేదు గానీ మన ఇళ్ళల్లో తప్పకుండా ఉండేది. పొత్తిగుడ్డల కోసం పాత నూలు చీరలు చింపుతాం కదా, అవి బీరువాలో కలరా ఉండల మధ్య దాచినవైతే వాడొద్దు. కొంతమంది పిల్లలకి జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ. అలాంటివాళ్ళకి ఆ వాసనే ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టి కామెర్లు తెస్తుంది. బయటికి చూస్తే ఏ బిడ్డకి లోటుందో తెలియదు. జలుబు చేసిందని కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయడం కూడా వద్దే వద్దు, పసివాళ్ళకి దానితో ఫిట్స్ రావొచ్చు.

ఇక వాడేది. రోజుకి ఒక్కసారి, గోరువెచ్చటి నీళ్ళు, ఐదు నుంచి పది నిమిషాలు, అంతే. సబ్బు బదులు సువాసన లేని సోప్-ఫ్రీ క్లెన్సర్ మురికి ఉన్న చోట కొంచెం. మెత్తగా అద్ది, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు మందపాటి క్రీము రాయాలి. లోషన్‌లో నీళ్ళ పాలు ఎక్కువ. క్రీము, లేదా అంతకంటే చిక్కటి ఆయింట్‌మెంట్ అయితే తడిని బాగా ఆపుతుంది. సాయంత్రం మళ్ళీ ఒకసారి. పొదుపుగా రాస్తే పని చేయదు. ఒళ్ళంతా ఎండిన పాపకి వారానికి 100 గ్రాముల దాకా పట్టొచ్చు. అందుకే ఖరీదైన చిన్న సీసా కంటే చవకైన పెద్ద డబ్బా మంచిది. తెల్ల పెట్రోలియం జెల్లీ అన్నిటికంటే చవక, అందులో నిల్వ మందులు కూడా అక్కర్లేదు. అందులోనూ బేబీ పేరుతో సువాసన కలిపి అమ్మేవి ఉన్నాయి, వెనక చదివే కొను. కొత్తది ఏదైనా సరే మోచేతి మడత కింద రూపాయి బిళ్ళంత మేర రోజుకి రెండుసార్లు, వారం పాటు రాసి చూశాకే ఒంటికి రాయి.

ట్యూబు విషయానికొస్తే, పేరు చదువు. క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటివి ఉంటే అవి గట్టి స్టెరాయిడ్లు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. పాప బుగ్గల మీద వాటిని వాడితే చర్మం పలచబడుతుంది, ఒంట్లోకీ దిగుతుంది. అలాగని డాక్టరు చూసి తేలికపాటి హైడ్రోకార్టిసోన్ కొద్దిరోజులు రాయమంటే భయపడి మానకు. మంటని అణచడానికి అది కావాలి. పుళ్ళ మీద పసుపు పచ్చగా అట్టలు కట్టినా, నీటి బుడగలు లేచినా, జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా అదే రోజు పరుగెత్తు.

మీ అత్తయ్యగారి గురించి ఎంతో ప్రేమతో రాశావు. ఫిర్యాదులా లేదు. అందుకే ఆవిడ చేతిలోంచి పాపని తీసుకోవద్దంటాను. చర్మానికి మర్దన మంచిదే, ఆ చెయ్యి అలవాటు పాపకి కావాలి కూడా. నూనె మాత్రం మార్చండి. నువ్వుల నూనె బదులు సెంటు కలపని వంట కొబ్బరినూనె. ఆలివ్ ఆయిల్ ఎవరైనా బహుమతిగా ఇచ్చినా వద్దు, చర్మం పైపొరని అది దెబ్బతీస్తుందని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పరిశోధకులు 2013లో చూపించారు. నలుగు గురించి ఆవిడతో కూర్చుని చెప్పు. మంచి చర్మానికి నలుగు ఏమీ చేయకపోవచ్చు, వీధిలో పిల్లలందరూ బాగానే ఉన్నారు, ఆవిడ అనుభవం అబద్ధం కాదు. ఈ పాప చర్మానికే నెరియలున్నాయి. నెరియల్లోంచి శనగపిండీ మీగడా దిగితే రేపు అవి నోటికి తినేటప్పుడు పడకుండా పోయే ప్రమాదం ఉంది. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి, 2010 ప్రాంతంలో రెండు వేల మందికి పైగా గోధుమ తిండి పడకుండా పోయింది. ముఖానికి రాసుకున్నది భోజనానికి అడ్డం వచ్చింది. ఈ సంగతి ఆవిడకి చెప్పు, పిండి ఎందుకు ఆపుతున్నామో ఆవిడకే అర్థమవుతుంది.

సాంబ్రాణి దేవుడి గదిలో వేసుకోమను, పాప ఆ గదిలో లేనప్పుడు. పొగ లేత ఊపిరితిత్తులకి పడదు, అందులోనూ తండ్రికి ఉబ్బసం ఉన్న బిడ్డ. పౌడరు మెడ మడతల్లో చెమటతో తడిసి ఉండలు కట్టి ఒరుస్తుంది, పైగా ఆ ధూళి ముక్కులోకి పోతుంది. తీసెయ్యండి. "పిల్ల వాసన" అని ఆవిడ అంటున్నది ఆ పౌడరు వాసనే. ఒక పూట ఏమీ రాయకుండా ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, పాప మాడు మీద ముక్కు పెట్టి చూడమను.

నాలుగు వారాలు ఇలా చెయ్యండి. బుగ్గలు ఒక్కరోజులో మెత్తబడవు, మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్ళీ ఎర్రబడతాయి. అది ఓడిపోవడం కాదు, ఈ జబ్బు తీరే అంత. చాలామంది పిల్లలకి బడి ఈడు వచ్చేసరికి బాగా తగ్గుతుంది. అన్నప్రాశనకి పట్టు లంగా వేస్తారు కదా, లోపల మెత్తటి నూలు జుబ్బా వేసి పైన పట్టు వెయ్యి. జరీ అంచు చర్మానికి తగలకూడదు. చుట్టాలు ముద్దులు పెట్టడానికి వస్తారు. బుగ్గల మీద వద్దు, పాదాల మీద పెట్టమని మీ అత్తయ్యగారినే చెప్పమను. ఆవిడ మాటకి ఎవరూ నొచ్చుకోరు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణీ వెంట తీసుకెళ్ళు. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ, ఆ మెడికల్ షాపు ట్యూబుతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఏవేం ఎన్నాళ్ళు రాశారో దాచకుండా చెప్పండి.