కుక్క, పిల్లి ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు

ఇల్లు చూడటానికి మనుషులు వస్తున్నారంటే పొద్దున్నే ఫినాయిల్ పోసి తుడిచి, అగరుబత్తీలు వెలిగించడం దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఫ్లాట్లలో మామూలే. దానితో పెంపుడు జంతువుల వాసన పోదు, రెండు వాసనలు కలిసి ఇంకా ఎక్కువవుతుంది. అదీగాక ఫినాయిల్ పిల్లులకు విషం. తడి నేలపై నడిచి, అవే పాదాలను నాక్కుంటాయి. ఆ రసాయనాన్ని వాటి కాలేయం తట్టుకోలేదు.

మూత్రం పడినచోట పాత గుడ్డతో అద్ది, సబ్బునీళ్లతో కడిగి, కిటికీలు తెరిచి ఆరనివ్వండి. మూత్రం తడి మీద బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. అందులోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది. గాలాడని బాత్‌రూముల్లో ఇది మరీ ప్రమాదం.

పొడి చీపురుతో ఊడిస్తే వెంట్రుకలు, చుండ్రు గాలిలోకి లేస్తాయి. తడిగుడ్డ వాడండి. దుప్పట్లు, కర్టెన్లు, సోఫా కవర్లు వేడినీళ్లలో ఉతకండి. ఇంత చేసినా, పిల్లి వెళ్లిపోయాక కూడా దాని చుండ్రు నెలల తరబడి ఇంట్లో ఉంటుంది. కొనేవారికి ఉబ్బసం ఉన్న బిడ్డ ఉండవచ్చు. కాబట్టి పిల్లిని పెంచామని ముందే చెప్పండి. బేరం కాస్త తగ్గినా చెప్పాల్సిందేనని మా అభిప్రాయం.

ఎంత సాధు కుక్కయినా కొత్తవాళ్లను చూస్తే బెదురుతుంది. ఆ గంటసేపు ఎవరైనా దాన్ని బయట తిప్పాలి. ఒకవేళ కరిచినా, గీరినా పసుపు, కారం పెట్టకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్లి టీకా వేయించండి.