గ్రాఫు కలిసిందని సంబరపడకండి

ట్యూబ్‌లైటులోనూ, చిప్‌లు చెక్కే యంత్రాల్లోనూ వెలిగే ప్లాస్మాను కంప్యూటర్లో లెక్కించడానికి కొత్తగా వచ్చే పిల్లలకు ఈ నాలుగు మాటలు.

1. ప్రయోగం దగ్గరికి తర్వాత వెళ్దురుగాని, ముందు మీ కోడ్‌ను ఇంకో కోడ్ పక్కన నిలబెట్టండి. 2013లో మైల్స్ టర్నర్, ఆయన సహచరులు అదే చేశారు. హీలియం, 6.7 సెంటీమీటర్ల ఎడంలో రెండు పలకలు, 13.56 మెగాహెర్ట్జ్, 30 నుంచి 1000 మిల్లీటార్ దాకా నాలుగు పీడనాలు. ఎవరికి వారు రాసుకున్న అయిదు కోడ్‌లకు ఇదే లెక్క ఇచ్చారు. పలకల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపడటం లాంటి చిక్కులన్నీ కావాలనే తీసేశారు. అక్కడ పరీక్ష హీలియానికి కాదు, కోడ్‌కు. జవాబు తేడా వస్తే తప్పు ప్రకృతిది అనడానికి వీల్లేదు.

2. లెక్కలో గడి వెడల్పు డెబై పొడవును (ప్లాస్మాలో ఒక చార్జి ప్రభావం మరుగయ్యే దూరాన్ని) మించకూడదు. కణాల సంఖ్య రెట్టింపు చేసి చూడండి. సాంద్రత కదిలితే లెక్క ఇంకా కుదరలేదన్నమాట.

3. ఎల్‌ఎక్స్‌క్యాట్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఆర్గాన్‌కే చాలా క్రాస్‌సెక్షన్ (ఎలక్ట్రాన్ ఢీకొనే అవకాశం చెప్పే అంకెల) సెట్లు దొరుకుతాయి. అయనీకరణం ఒక సెట్‌లోంచి, ఉత్తేజనం ఇంకో సెట్‌లోంచి ఏరుకోకండి. మొత్తం సెట్ కలిసి పనిచేసేలా, కొలిచిన డ్రిఫ్ట్ వేగాలకు సరిపెట్టి తయారు చేసి ఉంటారు. ఏ సెట్ వాడారో, ఏ తేదీన దించుకున్నారో పేపర్లో రాయండి. చాలామంది రాయరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

4. అసలు తిరకాసు గామా దగ్గర. అయాన్ తగిలితే లోహం ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుతుందన్నదే ఆ అంకె. ఆర్గాన్‌కు 0.07 అని రాసుకుని ముందుకెళ్లడం అలవాటైపోయింది. ఉపరితలం శుభ్రతను బట్టి, విద్యుత్ క్షేత్రాన్ని బట్టి అది ఎంతగా మారుతుందో ఫెల్ప్స్, పెట్రోవిచ్ 1999లోనే చూపారు. కరెంటు సరిపోయేదాకా గామాను తిప్పి, ‘ప్రయోగంతో సరిపోయింది’ అని రాయడం, తాళం చూసి తాళంచెవిని అరగదీసుకోవడమే. ఒక పీడనం దగ్గర సరిచూసుకుని, ఆపైన ఏమీ ముట్టుకోకుండా వేరే పీడనానికి అంచనా వేయండి. అది కలిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

5. ఒక్క సాంద్రతను పోల్చి ఊరుకోకండి. తక్కువ పీడనపు ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్లు రెండు గుంపులుగా, ఎక్కువ భాగం చల్లగా, కొద్ది భాగం వేడిగా ఉంటాయని గోడ్యాక్, పీజాక్ 1990లో ప్రోబ్‌తో కొలిచి చూపారు. ఒకే ఉష్ణోగ్రత అనుకునే ఫ్లూయిడ్ నమూనా సగటు సాంద్రతను అందుకున్నా ఈ సంగతి దానికి తెలియదు.

6. ప్రయోగం చేసేవాళ్లను వోల్టేజీ ఎక్కడ కొలిచారో అడగండి. బయట తీగ దగ్గరి వోల్టేజీ, ఎలక్ట్రోడ్ మీది వోల్టేజీ ఒకటి కాదు. మధ్యలోని ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ లెక్కలోకి రావాలి. ఆ వివరం లేని డేటాతో మీ నమూనాను పోల్చకండి, గ్రాఫు ఎంత బాగా కలిసినా సరే.